రెండో ముడి

రక్తం మరక చన్నీళ్ళకి వదులుతుంది, వేన్నీళ్ళకి పట్టుకుంటుంది. ఈ సంగతి నాకు వెటర్నరీ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. పెళ్ళయ్యాక స్నానాల గదిలో పీట వేసుక్కూర్చుని నేర్చుకున్నాను. క్లినిక్‌లో ఆపరేషన్లకి పరిచే ఆకుపచ్చ గుడ్డలు ప్రతి సాయంత్రం మా ఇంటికే వస్తాయి. లాండ్రీకి వేస్తే మరకలు పోవట్లేదని మా ఆయన అంటారు. నా చేతిలో అయితే పోతాయట. ఆ రోజు పొద్దున కూడా వాటినే జాడిస్తుంటే అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "ఆ కుక్కల గుడ్డలు మన బట్టల బకెట్లో వెయ్యకమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అంది. ఆవిడ వెనకే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "ఇవాళ నువ్వు క్లినిక్‌కి రావద్దులే. అక్కా బావా భోజనానికి వస్తున్నారుగా. ఉన్నది ఒక్క ఆపరేషనే, స్టూడెంట్స్‌తో లాగించేస్తాను" అన్నారు. సరేనన్నాను. బకెట్లో నీళ్ళు అప్పటికి గులాబీ రంగుకి వచ్చాయి, ఇంకో రెండు జాడింపులు జాడిస్తే చాలు.

నేనూ డాక్టర్నే. ఆయనా నేనూ ఒకే క్లాసు. ఈ మాట ఎవరికైనా చెబితే "అవునా!" అని కళ్ళు పెద్దవి చేస్తారు, మరుక్షణం మర్చిపోతారు. క్లినిక్ బయట బోర్డు మీద ఆయన పేరూ, దాని కింద డిగ్రీలూ ఉంటాయి. నా పేరుకి చోటు సరిపోలేదు. బోర్డు రాయించిన రోజు "నీదీ నాదీ వేరా ఏమిటి?" అన్నారు. వేరు కాదు కాబట్టే పొద్దున్నే పిల్లల్ని బడికి తోలి, అత్తయ్యకి మందులిచ్చి, ఇల్లు ఒక కొలిక్కి తెచ్చి, పరుగున వెళ్ళి ఆయనకి ఎదురుగా గ్లోవ్స్ తొడుక్కుని నిలబడతాను. మధ్యాహ్నం మళ్ళీ పరుగున వచ్చి వంట చేస్తాను. క్లాసులో ఆయన్ని ఒరేయ్ అనేదాన్ని, ఇప్పుడు మీరు అంటున్నాను. ఎవరైనా అడిగితే ఆయన, "తను కూడా అప్పుడప్పుడూ వచ్చి సాయం చేస్తుంటుంది" అని చెబుతారు. ఆ అప్పుడప్పుడూ అన్న మాట విన్న ప్రతిసారీ నాకు నడుం నొప్పి గుర్తొస్తుంది.

ఆఖరి సంవత్సరం విద్యార్థులు మా దగ్గరికి శిక్షణకి వస్తారు. పుస్తకంలో చదువుకున్న కుక్క వేరు, బల్ల మీద వణుకుతూ ఒంటికి పోసుకున్న కుక్క వేరు. వాళ్ళ చేతుల మీద నా చేతులు పెట్టి నేర్పిస్తాను. సూది ఎంత లోతుకి దిగాలో, చిగుళ్ళ మీద వేలితో నొక్కి వదిలితే ఎంతలో రంగు తిరిగి రావాలో, పిల్లిని ఎక్కడ పట్టుకుంటే అది మనల్ని క్షమిస్తుందో అన్నీ చెబుతాను. చివర్లో సంతకం మాత్రం ఆయనది. వెళ్ళే రోజున అందరూ ఆయనతో ఫోటో దిగుతారు. ఆ ఫోటో తీసేది నేను.

ఈసారి ఇద్దరబ్బాయిలూ ఒకమ్మాయీ వచ్చారు. ఆ అమ్మాయి సన్నగా, ఒకచోట నిలవకుండా గెంతుతూ ఉంటుంది. మనసులో పిచ్చుక అని పేరు పెట్టుకున్నాను, ఒకరోజు నోరుజారి పైకే పిలిచేశాను, అప్పట్నుంచి అదే ఖాయమైపోయింది. కిందటేడు ఈ పిల్ల సర్జరీలో తప్పింది. ఈసారి మా క్లినిక్ నుంచి "చెయ్యి తిరిగింది, పర్వాలేదు" అన్న మాట కాలేజీకి వెళ్తేనే గట్టెక్కుతుంది. వెళ్ళకపోతే ఇక చదివింది చాలు, ఇంటికొచ్చెయ్ అంటున్నారట వాళ్ళ నాన్న. ఆ పిల్ల ఈ విషయం నవ్వుతూ చెప్పింది కానీ చెబుతున్నంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది. నేను కుర్చీ కాలికి దారం కట్టి ఇచ్చాను. మొదటి మెలిక ఎటు తిప్పితే రెండోది దానికి ఎదురు తిప్పాలి, అప్పుడే ముడి కరుచుకుంటుంది. రెండూ ఒకేవైపు తిప్పావనుకో, చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, లోపల్నుంచి రక్తం తోసేసరికి మెల్లగా జారిపోతుంది. ఆ మాట ఒక్కసారే చెప్పాను. వారం తిరిగేసరికి కుర్చీ కాలు కనబడకుండా ముళ్ళు వేసింది పిచ్చుక.

ఆ రోజు ఆపరేషన్ ఒక బస్సు డ్రైవరు కుక్కకి. గోధుమ రంగుది, మెత్తని చెవులు. పిల్లలు పుట్టకుండా గర్భసంచీ తీసెయ్యడం. రోజూ చేసేదే. కుడివైపు ఒక రక్తనాళం, ఎడమవైపు ఒకటి, రెండింటినీ దారంతో గట్టిగా కట్టి కొయ్యాలి. పన్నెండు కొట్టేసరికి ఆయన ఇంటికి వచ్చేశారు. "ఎలా అయింది?" అన్నాను. "ఎలా అవుతుంది? ఎప్పటిలాగే" అని అక్కాబావల మధ్య కూర్చున్నారు.

వడ్డిస్తున్నాను. వదిన మా ఆయన కంచంలోకి చూస్తూ, "మా తమ్ముడి హస్తవాసి అలాంటిది. ఇన్నేళ్ళలో వాడి బల్ల మీద ఒక్క జీవం పోలేదు, తెలుసా?" అంది వాళ్ళాయనతో. అత్తయ్య, "చిన్నప్పుడు కూడా వాడు కట్టిన గాలిపటం తెగేది కాదు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడే వంటింటి గట్టు మీద నా ఫోను మోగింది.

"మేడమ్," అంది పిచ్చుక. "చిగుళ్ళు తెల్లబడిపోయాయి. నొక్కితే రంగు తిరిగి రావట్లేదు. గుండె గబగబా కొట్టుకుంటోంది. సార్‌కి చేశాను, మత్తు దిగుతోందిలే అన్నారు. పొట్ట ఉబ్బుతోంది మేడమ్. భయమేస్తోంది."

గరిటె చేత్తోనే పట్టుకుని వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. "కుక్కకి లోపల రక్తం పోతోంది. వెంటనే వెళ్ళాలి."

"ఆ పిల్లకి ప్రతిదీ కంగారే," అన్నారు ఆయన, కూర కలుపుకుంటూ. "తినేసి వెళ్తాను."

"అప్పటిదాకా అది ఉండదు."

"భోజనాల దగ్గర రక్తం మాటలేమిటమ్మా," అంది అత్తయ్య. వదిన కంచం కొంచెం దూరం జరిపింది. ఆయన మొహం ముడుచుకున్నారు, నా మీద కోపంతో కాదు, చుట్టాల ముందు ఇలాంటి మాట వచ్చినందుకు. "అంతగా ఉంటే నువ్వెళ్ళి చూడు. నేను వెనకే వస్తాను" అన్నారు. నేను గరిటె గిన్నెలో పడేసి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి అత్తయ్య, "వాళ్ళకి మారు వడ్డించి వెళ్ళకూడదూ" అనడం వినిపించింది. ఆగలేదు.

క్లినిక్ వరండాలో బెంచీ మీద డ్రైవరు ఖాకీ చొక్కాతో అలాగే కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. "డాక్టరుగారు రాలేదా అమ్మా?"

"నేనూ డాక్టర్నే."

"అది కాదమ్మా, పెద్ద డాక్టరుగారు..." అన్నాడు. చెడ్డవాడేం కాదు, భయపడ్డాడంతే. నేను లోపలికి వెళ్ళిపోయాను.

కుక్క నాలుక కాగితంలా ఉంది. తిరిగి పొట్ట తెరవాలి, వేరే దారి లేదు. ఒకబ్బాయిని సెలైన్ దగ్గర నిలబెట్టాను. ఇంకొకతన్ని మా క్లినిక్‌లోనే పెరిగే నల్లకుక్క దగ్గర్నుంచి రక్తం తియ్యమన్నాను. పిచ్చుకని నాకు ఎదురుగా రమ్మన్నాను. కుట్లు విప్పగానే రక్తం అంచుల దాకా పొంగుకొచ్చి నా మోచేతుల మీదుగా కారింది. ఏదీ కనబడదు. గుడ్డలు అద్దుతున్న కొద్దీ ఊరుతూనే ఉంది. ఆ క్షణంలో నాకు చేతులు ఆడలేదు, నిజం చెబుతున్నాను. ఇది పోతుంది, నా చేతుల్లోనే పోతుంది అనిపించింది. పిచ్చుక మాస్కు కన్నీళ్ళకి తడిసిపోయింది, అయినా గుడ్డలు అందించడం ఆపలేదు. "నాదే మేడమ్. కుడివైపు నేను కట్టాను. నాదే జారిపోయింది. నేనే చంపేశాను దీన్ని."

ముందు కుడివైపే వెతికాను. ముడి దొరికింది. పొడిగా, గట్టిగా, కుర్చీ కాలి మీద వేసినట్టే కరుచుకుని ఉంది. పేగులు పక్కకి తొలగించి ఎడమవైపు వేళ్ళు పోనిచ్చాను. మూత్రపిండం పక్కన రక్తనాళం కొస తగిలింది, వెచ్చగా కొట్టుకుంటూ. దానికి ఏ దారమూ లేదు. వేళ్ళతో నొక్కిపట్టి, "క్లాంప్" అన్నాను. పిచ్చుక సరిగ్గా నా అరచేతిలో పెట్టింది. "దారం" అన్నాను. కట్టాను, మళ్ళీ కట్టాను. ఊట ఆగింది. నల్లకుక్క రక్తం సీసాలోంచి గోధుమరంగు కుక్కలోకి దిగుతుంటే అందరం దాని చిగుళ్ళకేసి చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి పిచ్చుక వేలితో నొక్కి వదిలింది. నీరసంగానే అయినా రంగు తిరిగి వచ్చింది.

రక్తం గడ్డల మధ్య ఆ దారం ఉంగరం దొరికింది. ముడి ముడిగానే ఉంది, జారి ఊడొచ్చేసింది. దీపం కిందకి తీసుకెళ్ళి చూశాను. రెండు మెలికలూ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. అది ఎవరి ముడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్లోవ్స్ తీసేసి ఇద్దరం గోడకి ఆనుకుని కింద కూలబడ్డాం. అబ్బాయిలు కుక్కని బోనులోకి మార్చడానికి వెళ్ళారు. పిచ్చుక నేలకేసి చూస్తూ మెల్లగా చెప్పింది. "సార్ ఎడమవైపు కట్టినప్పుడు నేను అడిగాను మేడమ్, ఇంకో ముడి వెయ్యనా అని. ఎందుకూ అన్నారు. మేడమ్ ఎప్పుడూ వేస్తారు కదండీ అన్నాను. సార్ నవ్వి, ఆడవాళ్ళకి గ్యాస్ కట్టేశాక కూడా అనుమానమే అన్నారు. అబ్బాయిలు కూడా నవ్వారు. ఇంక నేను మాట్లాడలేదు."

నేను ఆ పిల్ల మొహంలోకి చూశాను. ఇన్నేళ్ళలో ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఆ బల్ల చుట్టూ నిలబడ్డారు! ఆయన ముడి వేసి చేతులు తియ్యగానే నేను దాని మీద ఇంకో దారం చుట్టి బిగించడం ఒక్కళ్ళకీ కనబడలేదు. ఈ పిల్లకి కనబడింది. నాకు గుండెల్లోంచి ఏదో తన్నుకొచ్చింది, సంతోషమో ఏడుపో తెలియదు. బహుశా ఏడుపే.

కాలేజీలో ముళ్ళ పరీక్ష ఉండేది. చెక్కకి మేకులు కొట్టి, వాటికి వరసగా ముళ్ళు వేసి చూపించాలి. ఆయనకి ఓపిక ఉండేది కాదు. చెట్టు కింద నా పక్కన కూర్చుని, "నీ వేళ్ళు కదులుతుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో! నాది కూడా వేసిపెట్టవూ" అనేవారు. వేసిపెట్టాను. అబ్బో, అప్పుడు నాకది ప్రేమ. ఆయన చెక్కకి నా చెక్క కంటే ఎక్కువ మార్కులొచ్చాయి, దానికీ ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. క్లినిక్ పెట్టాక మొదటి ఆపరేషన్లో ఎదురుగా నిలబడి చూస్తే మెలికలు రెండూ ఒకేవైపు తిరుగుతున్నాయి. స్టూడెంట్స్ ముందు చెబితే చిన్నబుచ్చుకుంటారని ఏమీ అనకుండా పైన ఇంకోటి వేశాను. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. ఇంటికెళ్ళేసరికి బిడ్డ ఏడుస్తోంది. మర్నాడూ అంతే. అలా చెప్పడం ఎప్పటికీ కుదరలేదు, వెయ్యడం మాత్రం ఏ రోజూ మానలేదు. కడుపుతో ఉన్నప్పుడు స్టూలు మీద కూర్చుని వేశాను. జ్వరంతో వేశాను. మా అమ్మ పోయిన వారానికే వచ్చి వేశాను. నేను రాలేని రోజుల్లో ఆయన ఆపరేషన్లు పెట్టుకోలేదు, ఆ రోజుదాకా. ఊళ్ళో అందరూ ఆయన హస్తవాసి గొప్పదన్నారు.

బూట్ల చప్పుడైంది. ఆయన వచ్చారు. బోనులో కుక్కని చూశారు, నా మొహం చూశారు, ట్రేలో ఉన్న దారాన్ని మాత్రం చూడలేదు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వరండాలోకి వెళ్ళారు. మేము వెనకాలే వెళ్ళాం. డ్రైవరు చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఏం భయం లేదు," అన్నారు ఆయన అతని భుజం తట్టి. "స్టూడెంట్ కట్టిన ముడి ఒకటి జారింది. నేర్చుకునే పిల్లలు కదా. మేం చూసుకున్నాం. ప్రాణం దక్కింది."

డ్రైవరు పిచ్చుకకేసి తిరిగాడు. తిట్టలేదు. "నా కూతురంత ఉన్నావు. జాగ్రత్తగా చెయ్యొద్దూ అమ్మా!" అన్నాడు. తిట్టినా బాగుండేది. పిచ్చుక నాకేసి చూసింది. వరండాలో ఉన్న అందరిలో నాకేసే చూసింది. నేను నోరు తెరిచాను, మాట పెగల్లేదు. అలవాటుపడ్డ నోరు. భర్త మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోకూడదని దానికి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, వడ్డిస్తూ వడ్డిస్తూ అదే నేర్చుకుంది. ఆ పిల్ల తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కారులో ఆయనే మొదలుపెట్టారు. "రేపట్నుంచి ఆ అమ్మాయిని ఆపరేషన్ గదిలోకి రానివ్వద్దు. కౌంటర్ దగ్గర కూర్చోమను. కాలేజీకి కూడా ఫోన్ చేసి చెప్పేస్తాను, ఇంకా తయారవలేదని."

"జారింది మీ ముడి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏంటీ?"

"ఎడమవైపు మీరు కట్టింది. రెండు మెలికలూ ఒకేవైపు తిప్పారు. ఎప్పుడూ అలాగే తిప్పుతారు."

ఆయన నవ్వారు. కోపం రాలేదు, నిజంగా నవ్వొచ్చింది ఆయనకి. "ఎప్పుడూ తప్పే అయితే ఇన్నేళ్ళలో ఒక్కదానికైనా రక్తం పోవాలి కదా! పోయిందా?"

అప్పుడు అర్థమైంది నాకు. దాచిపెట్టడం కాదు, ఆయనకి అసలు తెలియదు. తన కళ్ళెదురుగా, జానెడు దూరంలో, ఇన్ని వేలసార్లు నా చేతులు చేసిన పని ఆయన చూడలేదు. "పోలేదు. ఎందుకంటే ప్రతిసారీ దాని మీద నేను ఇంకోటి వేశాను," అన్నాను.

"వేస్తావు. అసిస్టెంట్ పని అదేగా," అన్నారు. గేరు మార్చి, "అక్క వాళ్ళకి రాత్రికేం చేస్తున్నావ్?" అని అడిగారు.

ఇంటికెళ్ళి వంట చేశాను. చెయ్యక ఏం చేస్తాను? ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళనీళ్ళు కారాయి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకుండా పోయింది. ఆ పిల్ల వాళ్ళ నాన్నకి ఏమని ఫోన్ చేసుంటుందో అనుకున్నాను. నేను ఆయనకి కట్టిపెట్టిన చెక్క చివరికి ఆ పిల్ల నెత్తిన పడింది. ఎవరితో చెప్పుకోను? అత్తయ్యతోనా? పిల్లలతోనా? స్నానాల గదిలో ఇవాళ్టి గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. తలుపు వేసుకుని చాలాసేపు వాటికేసి చూస్తూ కూర్చున్నాను. బతుకంతా ఎవరి వెనకో తిరుగుతూ జారేవన్నీ బిగించుకుంటూ పోవడమేనా అనిపించింది. అత్తయ్య తలుపు కొట్టి, "ఎంతసేపమ్మా" అనేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున గోధుమరంగు కుక్క తల ఎత్తి డ్రైవరు అరచెయ్యి నాకింది. అతను ఆయనకి దణ్ణం పెట్టాడు. పిచ్చుక కౌంటర్ వెనక కూర్చుని వచ్చినవాళ్ళకి టోకెన్లు ఇస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది, పలకరించలేదు. కాలేజీకి ఫోన్ ఇంకా వెళ్ళలేదు. పదకొండింటికి చేస్తానన్నారు ఆయన, ఆపరేషన్ అయ్యాక.

ఆపరేషన్ ఒక తెల్ల పిల్లికి. అబ్బాయిలిద్దరూ అటూ ఇటూ చేరారు. నేను ఎప్పటిలాగే ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఏదో జోకు వేస్తూ పొట్ట తెరిచారు, రక్తనాళాన్ని క్లాంపుతో పట్టారు, దారం చుట్టారు. ఒక మెలిక. అదేవైపు ఇంకో మెలిక. బిగించి, నాకేసి చూడకుండానే చేతులు పక్కకి తీశారు, నా చేతులకి చోటు ఇస్తూ. ఆ చోటు ఇస్తున్నట్టు కూడా ఆయనకి తెలియదు.

నా కుడిచెయ్యి అప్పుడే దారం వైపు వెళ్తోంది. ఆపాను. రెండు చేతులూ గుడ్డ మీద ఆనించి ఉంచాను. పిల్లి పొట్ట మెల్లగా పైకీ కిందికీ ఆడుతోంది. క్లాంపు పట్టే ఉంది, ఇంకా ఏమీ కొయ్యలేదు, దానికి ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం నాకే. సాయంత్రం కారులో ఏం వినాలో, ఇంట్లో ఎవరెవరి మొహాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

"ఊఁ," అన్నారు ఆయన.

"ఇది జారుతుంది," అన్నాను.

అబ్బాయిలిద్దరూ తలెత్తారు. ఆయన కళ్ళు మాస్కు మీదుగా నన్ను చూశాయి. "తర్వాత మాట్లాడదాం," అన్నారు గొంతు తగ్గించి.

"తర్వాత కుదరదు. పొట్ట తెరిచి ఉంది." నేను గొంతు తగ్గించలేదు. బయట కౌంటర్ దాకా వినబడాలి నాకు. "రెండు మెలికలూ ఒకేవైపు తిప్పారు. నిన్న కుక్కకి జారింది కూడా మీరు కట్టిందే. విప్పి మళ్ళీ వెయ్యండి, నేను చూస్తాను. చేతకాకపోతే చెప్పండి, కౌంటర్లో కూర్చోబెట్టిన అమ్మాయిని పిలుస్తాను. తను నేర్పిస్తుంది మీకు."